రాబోయే జీతాన్ని నమ్ముకుని ఇప్పుడే అప్పు చేయకండి

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. ఇంగ్లండ్‌లోని వెస్ట్ మిడ్లాండ్స్‌లో ఉంటున్నాం, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉంది. ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థ) హౌసింగ్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. జీతం ఏడాదికి 31,000 పౌండ్లు, కటింగ్‌లు పోను నెలకు 2,050 చేతికొస్తుంది. నా భార్య పార్ట్‌టైమ్ జీతం, పాప చైల్డ్ బెనిఫిట్ కలిపి ఇంకో 900. మార్ట్‌గేజ్‌తో సహా ఇంటి ఖర్చు 2,700. బ్యాంకులో 2,100 ఉంది. మా ఆఫీసు నన్ను లెవల్ 3 టీమ్ లీడర్ అప్రెంటిస్‌షిప్‌లో (ఉద్యోగం చేస్తూనే నేర్చుకునే కోర్సు) చేర్చింది. అది పూర్తయి టీమ్ లీడర్ పోస్టు వస్తే జీతం 36,000 అవుతుంది. గన్నవరం దగ్గర 200 గజాల ప్లాటు 28 లక్షలకు చూశాం. 15,000 పౌండ్లు పర్సనల్ లోన్ (9.9 శాతం, ఐదేళ్లు), మిగతా పది లక్షలు అమ్మ బంగారం మీద తీసుకుందామని ఆలోచన. మా బావ టోకెన్ అడ్వాన్సు 50 వేలు కూడా కట్టేశాడు. జీతం పెరిగాక సులువుగా తీర్చేయొచ్చు కదా?

జవాబు: తీర్చలేరు. ప్రమోషన్ దారిలో ఉన్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే కాబట్టి మీ ఒక్కరికే రాయకుండా ఇక్కడ జవాబిస్తున్నాను. ఇంకా చేతికి రాని జీతాన్ని చూసుకుని అప్పుకు సంతకం పెట్టేస్తున్నారు.

ముందు లెక్క చూడండి. 31,000 నుంచి 36,000 అంటే 5,000 పెరిగినట్టే అనిపిస్తుంది. అందులో 20 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్, 5 శాతం పెన్షన్ పోతే మీ ఇంటికి అదనంగా వచ్చేది నెలకు సుమారు 280 పౌండ్లు. మీరు తీసుకోబోయే లోన్ కిస్తీ నెలకు 315. అంటే అంతా మీరు అనుకున్నట్టే జరిగి, ఆ పోస్టు మీకే వచ్చినా, పెరిగిన జీతం మొత్తం పోసినా కిస్తీకి చాలదు. బంగారం అప్పు ఇంకా ఇందులో కలపలేదు. పది లక్షలకు 9 శాతం అనుకున్నా నెలకు 7,500 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. ఐదేళ్లలో పర్సనల్ లోన్ మీద మీరు కట్టే వడ్డీ దాదాపు 3,900 పౌండ్లు.

పైగా ఆ పెంపు రేపే రాదు. ఈ అప్రెంటిస్‌షిప్‌కి ఏడాది పైనే పడుతుందని పెట్టుకోండి, ఆ తర్వాత ఎండ్ పాయింట్ అసెస్‌మెంట్, అంటే చివరి పరీక్ష ఉంటుంది. కిస్తీ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ఇప్పుడు మీకు నెలాఖరుకు మిగులుతున్నది 250. దానిలోంచి 315 ఎలా కడతారు? క్రెడిట్ కార్డు మీదే కడతారు. అక్కడి నుంచి జరిగేది మీకు నేను చెప్పనక్కర్లేదు. అద్దె బకాయిల ఫైళ్లు రోజూ చూసే ఉద్యోగం మీది.

అప్రెంటిస్‌షిప్‌ని తక్కువ చేయడం లేదు. చాలా మంచి అవకాశం, వదలకండి. ఫీజు మీ దగ్గర ఒక్క పెన్నీ కూడా తీసుకోకూడదు. మధ్యలో ఉద్యోగం మానేసినా ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టమని అడగకూడదు. నేర్చుకునే గంటలు జీతమిచ్చే పనివేళల్లోనే ఉండాలి. సంతకం పెట్టిన కాగితాల్లో ఒకటి మాత్రం చూసుకోండి: అప్రెంటిస్‌ల కనీస వేతనం చాలా తక్కువ, 2025-26లో గంటకు 7.55 పౌండ్లే. మీ పాత జీతం, పాత షరతులు అలాగే ఉన్నాయని హెచ్‌ఆర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి. అలవెన్సులు ఏవైనా ఉంటే అవి తగ్గుతాయేమో కూడా అడగండి.

అయితే కోర్సు పాసవడం వేరు, పోస్టు రావడం వేరు. సర్టిఫికెట్ వచ్చిన రోజున ఖాళీ ఉండాలి, ఇంటర్వ్యూలో మీరే నెగ్గాలి. పైగా మీది జనరల్ మేనేజ్‌మెంట్ కోర్సు, హౌసింగ్ కోర్సు కాదు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత వచ్చిన 2023 సోషల్ హౌసింగ్ రెగ్యులేషన్ చట్టం కింద, 2026 అక్టోబర్ నుంచి సీనియర్ హౌసింగ్ మేనేజర్లకు, ఎగ్జిక్యూటివ్‌లకు హౌసింగ్ మేనేజ్‌మెంట్‌లో అర్హత ఉండాలన్న నియమం అమల్లోకి వస్తుంది, గడువు కొన్నేళ్లు ఇస్తున్నారు. పోస్టును బట్టి లెవల్ 4 లేదా 5 అడుగుతారు. టీమ్ లీడర్ దాకా మీ లెవల్ 3 చాలు, దాని పైకి వెళ్లాలంటే మళ్లీ చదవాలి. ఆ ఖర్చు ఆఫీసు పెట్టుకుంటుందా అని ఇప్పుడే మాట్లాడి ఉంచండి. మీ జీతం నిజంగా పెరిగే దారి అదే.

ఇక నేను ప్రతి ఉత్తరంలోనూ అడిగేది మిమ్మల్నీ అడుగుతున్నాను: రేపు జీతం ఆగితే ఎన్నాళ్లు గడుస్తుంది? మీ దగ్గర ఉన్న 2,100తో మూడున్నర వారాలు. యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం లేనివాళ్లకు, తక్కువ ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే సాయం) మొదటి డబ్బు పడటానికి ఐదు వారాలు పడుతుందని మీ టెనెంట్లకు మీరే చెబుతుంటారు. మీ ఇంట్లో ఆ ఐదు వారాలకు కూడా డబ్బు లేదు.

ప్లాటు కొంటే ఇంకో ప్రమాదం ఉంది. దీన్ని మన తెలుగువాళ్లు దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. యూనివర్సల్ క్రెడిట్‌కి 16,000 పౌండ్లకు మించి ఆస్తి ఉండకూడదు. మీరుండే ఇల్లు అందులోకి రాదు, ఇండియాలో ప్లాటు వస్తుంది. 28 లక్షల ప్లాటు ఇవాళ్టి రేటులో 20,000 దాటుతుంది. ఆ ప్లాటు మీద తనఖా ఉంటేనే ఆ అప్పు తీసేసి లెక్కిస్తారు, పర్సనల్ లోన్‌కి అది వర్తించదు. అంటే ఉద్యోగం పోయిన రోజున నెత్తిన 15,000 అప్పు ఉంటుంది, చేతిలో డబ్బుండదు, సాయం అడిగితే మీకు ఆస్తి ఉందని పంపించేస్తారు. గన్నవరంలో ఉన్న స్థలం మార్ట్‌గేజ్ కట్టదు, వారంలో అమ్ముడూ పోదు.

జబ్బు చేస్తే సంగతి కూడా అంతే. చట్టప్రకారం ఆఫీసు ఇవ్వాల్సిన కనీస స్టాట్యుటరీ సిక్ పే 2025-26లో వారానికి 118.75, అంటే నెలకు 515 దాకా. మీ ఉద్యోగం ఒత్తిడి లేనిది కాదు. బూజు ఫిర్యాదులు, గొడవలు, బకాయిలు. పైగా 2025 అక్టోబర్ 27 నుంచి అమల్లోకి వచ్చిన అవాబ్ చట్టం (అద్దె ఇళ్లలోని ప్రమాదాలను హౌసింగ్ సంస్థలు గడువులోగా సరిచేయాలనేది) గడువులు: ఆరోగ్యానికో, భద్రతకో తక్షణ ముప్పు ఉంటే 24 గంటల్లో స్పందించాలి, తేమ, బూజు లాంటివి తీవ్రంగా ఉంటే పది పనిదినాల్లో విచారించాలి. దీనికి తోడు కోర్సు పోర్ట్‌ఫోలియో. ఈ టెన్షన్‌లో ఒక మనిషి మూడు నెలలు సెలవు పెట్టడం వింత కాదు. మీ ఆఫీసు సిక్ పే ఎన్ని వారాలు పూర్తిగా, ఎన్ని వారాలు సగం ఇస్తుందో ఈ వారమే అడగండి. అది ఆగిన రోజు నుంచి మొదలయ్యేలా ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ (జబ్బుతో పని చేయలేకపోతే నెలనెలా డబ్బిచ్చేది) తీసుకోండి. మీ సొంత వృత్తి చేయలేకపోతే చెల్లించే రకమే తీసుకోండి, వేరే ఏదో ఒక పని చేయగలిగితే డబ్బు ఇవ్వబోమనే రకం వద్దు. మార్ట్‌గేజ్‌కి సరిపడా లైఫ్ కవర్ మీ ఇద్దరి పేరా ఉందో లేదో కూడా రాయలేదు. లేకపోతే దానికీ ఆలస్యం చేయొద్దు.

మీ తప్పనిసరి ఖర్చు నెలకు 2,200 అనుకుంటే మూడు నెలలకు 6,600 కావాలి. ఇంకా 4,500 తక్కువ. నెలకు 250 చొప్పున పద్దెనిమిది నెలలు. పాలసీ ప్రీమియం పోతే ఇంకో రెండు మూడు నెలలు ఎక్కువ పట్టొచ్చు, పట్టనివ్వండి. దాదాపు మీ కోర్సు, అసెస్‌మెంటు ముగిసేసరికి ఆ డబ్బు కూడా సిద్ధమవుతుంది. ఈలోపు ఇండియాకు పెట్టుబడి అంటూ ఒక్క పౌండు పంపకండి. ఎప్పుడైనా తీసుకోగలిగే సేవింగ్స్ ఖాతాలో వేయండి, చాలు.

మిగతావి క్లుప్తంగా. ఆఫీసు పెన్షన్ ఆపొద్దు. వాట్సాప్‌లో స్నేహితులు నడిపే చిట్టీల్లో ఈ డబ్బు పెట్టొద్దు, అవి మునిగితే ఎఫ్‌ఎస్‌సీఎస్ (బ్యాంకు మునిగితే డిపాజిట్లకు పరిహారమిచ్చే పథకం) రక్షణ ఉండదు. చాలా బ్యాంకులు పర్సనల్ లోన్‌తో ఆస్తి కొనకూడదని షరతు పెడతాయి, ఫారంలో అబద్ధం రాసే పరిస్థితి తెచ్చుకోకండి. సీఆర్‌డీఏ అనుమతి, రెరా నంబరు చూశారా అన్న ప్రశ్న కూడా ఈ దశలో అనవసరం, ఎందుకంటే ఎంత మంచి ప్లాటైనా ఇప్పుడు మీకు వద్దు.

అమ్మగారి బంగారం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మీ కిస్తీ తప్పితే వేలానికి వెళ్లేది ఆవిడ నగలు. ఆ వయసులో ఆవిడ చేతిలో ఉన్న ధైర్యం బహుశా అదొక్కటే. దాన్ని తీసుకెళ్లి కుదవపెట్టమని అడగకండి, ఆవిడే ఇస్తానన్నా తీసుకోకండి.

మీ బావగారికి ఇవాళే ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ వద్దని చెప్పండి. అడ్వాన్సు వెనక్కి అడగమనండి. రాకపోతే 50 వేలు పోతాయి, అంటే 400 పౌండ్లకు కాస్త పైన, ఒకటిన్నర కిస్తీ కూడా కాదు. ఆ తర్వాత హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: జీతం షరతులు, సిక్ పే వారాలు, డెత్ ఇన్ సర్వీస్ (ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికిచ్చే డబ్బు) జీతానికి ఎన్ని రెట్లు. జవాబులు వచ్చాక నాకు రాయండి, పాలసీ ఎంతకు తీసుకోవాలో అప్పుడు లెక్క కట్టి చెబుతాను.