పికప్ వెనక కుంగిందా? స్ప్రింగ్ మార్చేముందు టేపు పట్టుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ పికప్ సస్పెన్షన్ చుట్టూనే తిరిగాయి. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాను. టూల్ బాక్సులు, కంప్రెసర్, ర్యాక్ కలిపి సుమారు 300 కిలోలు ఎప్పుడూ వెనకే ఉంటాయి. బండి వెనక కుంగి, ముందు లేచినట్టు కనిపిస్తోంది. డోర్ పక్కన ప్లేటు మీద వెనక యాక్సిల్‌కి 1,800 కిలోలు అని ఉంది. విడిభాగాల జాబితాలో చూస్తే వెనక స్ప్రింగ్ రేటింగ్ 800 కిలోలే. ఏది నమ్మాలి? హెవీ స్ప్రింగులు వేయిస్తే ఇంకో 300 కిలోలు ఎక్కించుకోవచ్చా?

రెండూ నమ్మండి, రెండూ నిజమే. జాబితాలో ఉన్న 800 ఒక్క కమాన్ కట్ట (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగ్) లెక్క. రెండు వైపులా కలిపితే 1,600. మిగతా 200 ఎక్కడికి పోయిందంటే, యాక్సిల్, చక్రాలు, టైర్లు, బ్రేక్ డ్రమ్ములు ఇవన్నీ స్ప్రింగ్ కిందే ఉంటాయి కదా, వాటి బరువు స్ప్రింగ్ మీద పడదు, నేరుగా టైర్ల మీదే పడుతుంది. ప్లేటు మీద రాసింది నేల దగ్గర తూచితే వచ్చే బరువు కాబట్టి అందులో అవీ కలుస్తాయి. కాబట్టి ఏ స్ప్రింగ్ రేటింగ్ చూసినా ముందు రెండు సంగతులు అడగండి: ఇది ఒక్కదానికా, జతకా? స్ప్రింగ్ కూర్చునే చోట లెక్కా, నేల దగ్గర లెక్కా? ఈ రెండూ తెలియకుండా రెండు కంపెనీల స్ప్రింగుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఏమీ తేలదు.

ఇక ఇంకో 300 కిలోల సంగతి. వద్దు. వెనక యాక్సిల్ రేటింగ్‌ని స్ప్రింగ్ ఒక్కటే నిర్ణయించదు. టైరు, రిమ్ము, యాక్సిల్, బేరింగు, స్ప్రింగ్, వీటిలో ఏది అందరికంటే ముందు చేతులెత్తేస్తుందో దాని దగ్గర ఆ సంఖ్య ఆగిపోతుంది. మొత్తం బండి బరువు పరిమితిలో అయితే బ్రేకులు, ఛాసిస్ కూడా లెక్కలోకి వస్తాయి. మీరు స్ప్రింగ్ మార్చినా మిగతావన్నీ పాతవే. పైగా ఇందులో పెద్ద ప్రమాదం ఒకటుంది: హెవీ స్ప్రింగ్ వేశాక ఓవర్‌లోడ్ చేసినా బండి కుంగదు, కుంగకపోయేసరికి అంతా బాగానే ఉందనుకుంటాం, అక్కడ టైర్లూ బేరింగులూ వేడెక్కుతూనే ఉంటాయి. వే బ్రిడ్జి మీదికి తీసుకెళ్లి ఒకసారి మొత్తం బండిని, ఒకసారి వెనక చక్రాలను మాత్రమే తూయించండి. ఆ రెండు అంకెలు చేతిలో లేకుండా ఎవరూ మీకు సరైన స్ప్రింగ్ చెప్పలేరు, నేను కూడా.

ఇప్పుడు అసలు విషయం. స్ప్రింగ్‌కి కెపాసిటీ వేరు, రేటు వేరు. ఫలానా ఎత్తు దగ్గర నిలబడాలంటే దాని మీద ఎంత బరువు పెట్టాలో అది కెపాసిటీ. ఒక్క మిల్లీమీటరు కుంగడానికి ఎన్ని కిలోలు కావాలో అది రేటు. రెండు కట్టలు తీసుకోండి, రెండిటికీ కెపాసిటీ 800 కిలోలే, కానీ ఒకదాని రేటు మిల్లీమీటరుకు 2.5 కిలోలు, ఇంకోదానిది 4 కిలోలు. నిండు లోడులో రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఒక్కో కట్ట మీంచి 200 కిలోలు దించేయండి, మొదటిది 80 మి.మీ. లేస్తుంది, రెండోది 50 మి.మీ. మాత్రమే లేస్తుంది. గతుకులో మొదటిది మెత్తగా మింగేస్తుంది, రెండోది నడ్డి మీద తంతుంది. డబ్బా మీద మాత్రం రెండిటికీ 800 అనే ఉంటుంది. అందుకే ‘హెవీ డ్యూటీ’ అన్న మాట చూసి కొనొద్దు, రేటు ఎంతో చెప్పమనండి.

మీ బండి రేటు మీరే కొలుచుకోవచ్చు. చదునైన చోట బండి ఆపి, ట్రే ఖాళీ చేసి, వెనక బంపర్ పట్టుకుని నాలుగైదుసార్లు ఊపండి, పట్టీల మధ్య రాపిడి వల్ల కట్ట ఒక్కోసారి పైనే ఇరుక్కుని ఉంటుంది. ఇప్పుడు చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలవండి. నేల నుంచి కొలవకండి, టైరు నొక్కుకునేది కూడా అందులో కలిసిపోతుంది. తర్వాత 50 కిలోల బస్తాలు నాలుగు సరిగ్గా యాక్సిల్ పైన పెట్టి, మళ్లీ ఊపి, మళ్లీ కొలవండి. రెండు వైపులా 40 మి.మీ. దిగిందనుకుందాం. 200ని 40తో భాగిస్తే 5, అంటే జతకు మిల్లీమీటరుకు 5 కిలోలు, ఒక్కో కట్టకు రెండున్నర. అలాంటి బండి మీద మీ 300 కిలోలు యాక్సిల్ పైనే ఉంటే 60 మి.మీ. కుంగడం మామూలే, అది జబ్బు కాదు.

ఖాళీగా ఉన్నప్పటి ఎత్తునే వర్క్‌షాప్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చి చూడండి. ఖాళీ బండే తక్కువ ఎత్తులో ఉంటే పాత ఓనరు దాన్ని బాగా వాడేసి, కట్టలోని వంపు పోయిందని అర్థం. వంపు పోయిన స్ప్రింగ్ మెత్తబడిందని చాలామంది అనుకుంటారు, కానీ ఉక్కు అదే, మందం అదే, కాబట్టి రేటు దాదాపు అలాగే ఉంటుంది, తగ్గింది ఎత్తు ఒక్కటే. అప్పుడు మీకు కావాల్సింది హెవీ కట్ట కాదు, కొత్త ఫ్యాక్టరీ కట్టే.

కట్ట కిందికి దూరి ఇంకోటి కూడా చూడండి. చాలా పికప్‌లలో అడుగున ఒక దళసరి పట్టీ ఉంటుంది, హెల్పర్. మామూలు బరువులో అది పని చెయ్యదు, లోడు పెరిగి పై పట్టీ దిగొచ్చి దాని కొసకు ఆనుకున్నాకే పనిలోకి దిగుతుంది, అక్కడి నుంచి రేటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆనుకునే చోట తుప్పు, మట్టి పట్టి ఉంటే అది పెద్దగా పని చేయట్లేదు. ఇనుము గీరుకుని అద్దంలా మెరుస్తుంటే మీ 300 కిలోలకే రోజూ హెల్పర్ మీద నడుస్తున్నారు. నేనైతే ఏ పికప్ చూసినా ముందు ఈ మెరుపు కోసమే చూస్తాను.

పట్టీ కలపాల్సి వస్తే మందం దగ్గర జాగ్రత్త. పట్టీ గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. వెడల్పు, పొడవు అవే ఉండి 8 మి.మీ. పట్టీ బదులు 10 మి.మీ. పట్టీ పెడితే ఆ ఒక్క పట్టీ దాదాపు రెట్టింపు గట్టిదవుతుంది, చూడ్డానికి రెండు మిల్లీమీటర్లే తేడా. కాయిల్ స్ప్రింగులైతే ఇంకా ఎక్కువ, తీగ మందం నాలుగో ఘాతం లెక్క: 12 మి.మీ. తీగ 13 అయితే సుమారు 38 శాతం గట్టిపడుతుంది. నా మొదటి పికప్‌కి ఇలాగే కొలవకుండా, గ్యారేజీలో చెప్పిన మాట విని రెండు దళసరి పట్టీలు ఎక్కించుకున్నాను. లోడుతో బ్రహ్మాండంగా ఉండేది. ఖాళీగా వస్తుంటే తడి రోడ్డు మలుపులో చిన్న గతుకు తగిలి వెనక చక్రాలు రెండూ పక్కకు ఎగిరి పడ్డాయి. ఆ రోజు స్టీరింగ్ మీద చేతులు వణికిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. పట్టీలు మర్నాడే తీయించేశాను.

మీ విషయంలో నా సలహా: ముందు బరువును ముందుకు జరపండి. వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ల మధ్య దూరం, 3 మీటర్లు ఉన్న బండికి, వెనక యాక్సిల్ దాటి మీటరు దూరంలో 100 కిలోలు పెడితే వెనక యాక్సిల్ మీద 133 కిలోలు పడుతుంది, ముందు యాక్సిల్ మీద 33 తగ్గుతుంది. మీ బండి ముందు లేవడానికి కారణం ఇదే కావచ్చు. కంప్రెసర్‌ని క్యాబిన్ గోడకు ఆనించి బిగించండి. అప్పటికీ కుంగితే, 300 కిలోలు ఎప్పుడూ ఉండే బరువే కాబట్టి, దాన్ని లెక్కలో పెట్టుకుని తయారుచేసిన కట్టల సెట్ తీసుకోండి. అప్పుడప్పుడూ వేసే లోడును మనసులో పెట్టుకుని రోజంతా గట్టి స్ప్రింగ్ మీద తిరగొద్దు.

ప్రశ్న: గట్టి షాక్ అబ్జార్బర్లు వేస్తే వెనక లేస్తుందా?

లేవదు. బరువు మోసేది స్ప్రింగ్, ఆ స్ప్రింగ్ ఊగుతూ ఉండిపోకుండా ఆపేది షాక్. గాలి నింపే రకం షాకులు కొంత ఎత్తుతాయి గానీ, వాటి మౌంటులు చాలా బండ్లలో బరువు మొయ్యడానికి చేసినవి కావు. అయితే స్ప్రింగ్ రేటు పెంచినప్పుడు షాకులు మార్చాలా అంటే, అవును, ఆలోచించాల్సిందే. గట్టి స్ప్రింగ్ తిరిగి లేచేటప్పుడు ఎక్కువ జోరుగా తన్నుతుంది, పాత షాక్ దాన్ని పట్టలేదు.

ప్రశ్న: నెలకు రెండుసార్లే ట్రైలర్ లాగుతాను. ఎయిర్ బ్యాగులా, అదనపు పట్టీనా?

రెండుసార్లే అయితే ఎయిర్ బ్యాగులే, అంటే స్ప్రింగ్‌కి తోడుగా యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య పెట్టే గాలి తిత్తులు. ఖాళీగా ఉన్నప్పుడు గాలి దించేసుకుంటే స్ప్రింగ్ మెత్తగానే ఉంటుంది, కాకపోతే పూర్తిగా ఖాళీ చేయకూడదు, తయారీదారు చెప్పిన కనీస ప్రెషర్ ఉంచాలి, లేకపోతే బ్యాగు మడతపడి నలిగిపోతుంది. రెండు బ్యాగుల్నీ ఒకే గొట్టానికి కలపొద్దు. మలుపులో బయటి బ్యాగులోంచి లోపలి బ్యాగులోకి గాలి పోయి బండి ఇంకా వాలుతుంది. వేర్వేరు లైన్లు వేయించండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కమాన్ కట్ట తను మోసే బరువును ఛాసిస్ మీద రెండు చోట్ల, ముందు హ్యాంగర్ దగ్గర, వెనక షాకిల్ దగ్గర దింపుతుంది. బ్యాగు అదే బరువును యాక్సిల్ పైన ఒక్క చోట దింపుతుంది. బ్యాగులు గట్టిగా నింపి, ట్రే కొసన బరువు వేసి, వెనక బరువైన ట్రైలర్ తగిలించి గతుకుల రోడ్డులో పరిగెత్తిస్తే క్యాబిన్‌కీ ట్రేకీ మధ్య ఛాసిస్ వంగుతుంది, డబుల్ క్యాబ్ బండ్లలో ఇది జరుగుతూనే ఉంది. బండి లెవెల్‌గా కనిపించే వరకు నింపుకుంటూ పోకండి, సగం కుంగుడు సరిచేస్తే చాలు.

ప్రశ్న: ముందు టార్షన్ బార్ తిప్పి, వెనక యాక్సిల్‌కీ కట్టకీ మధ్య బ్లాకులు పెట్టి 50 మి.మీ. లేపాను. ముందు బాగా గట్టిపడింది. బ్రేకులు కూడా తేడాగా ఉన్నాయి. స్ప్రింగ్ రేటు పెరిగిందా?

టార్షన్ బార్ అంటే మెలిపడుతూ స్ప్రింగ్‌లా పనిచేసే ఉక్కు కడ్డీ, దాని రేటు అస్సలు పెరగలేదు. బోల్టు తిప్పితే బారు మొదలయ్యే కోణం మారుతుంది, అంతే. గట్టిదనం అంతా బారు మందం, పొడవుల్లోనే ఉంది. మీకు గట్టిగా తగులుతున్నది వేరు: చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్ములు కిందికి దిగడానికి ఉన్న జాగా అయిపోయి, చిన్న గుంటలో చక్రం దిగగానే పై ఆర్మ్ వెళ్లి రబ్బరు స్టాపుకు ఠక్కున కొట్టుకుంటోంది. జాక్ పెట్టి ఆ రబ్బరు చూడండి, నలిగి ఉంటుంది. సగమైనా దించండి, దించాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

బ్రేకుల మాటే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీది వాల్వుకు ఒక చిన్న రాడ్డో స్ప్రింగో ఉంటుంది. ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య దూరం తగ్గితే లోడు ఉందని అది వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ ఇస్తుంది, దూరం పెరిగితే తగ్గిస్తుంది. మీరు బ్లాకులు పెట్టి ఆ దూరం పెంచారు, కాబట్టి లోడు వేసినా బండి ఖాళీగానే ఉందని అది అనుకుంటోంది. ఆ రాడ్డు కొత్త ఎత్తుకు సరిచేయించే వరకు దయచేసి లోడు వేసుకుని దూరాలు తిరగకండి.

ప్రశ్న: కొత్త కట్టలు వేసి వారం అయింది, కిర్రుమంటోంది.

కట్ట కొసల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాక్ మీద ఉండగానే బిగించేసి ఉంటారు. వాటిని వదులు చేసి, బండి తన బరువు మీద నేలపై నిలబడ్డాక, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కూడా కొత్తవే వేశారో లేదో కనుక్కోండి, ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ పట్టు ఇవ్వదు. కొత్తవైనా సరే, మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో పట్టీలు సర్దుకుని అవి వదులవుతాయి, ఒకసారి టార్క్ రెంచ్‌తో చూడాల్సిందే. అవి వదులైతే బరువంతా మధ్యలో ఉన్న సన్నటి సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగిపోతుంది. మీరు ఇప్పటికే వారం తిరిగారు కాబట్టి రేపు ఉదయం బండి తీసేముందే చూసుకోండి.