గడ్డి కాలే సీను దగ్గర ఆగు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. జర్మన్ చిత్రకారుడు ఆన్సెల్మ్ కీఫర్ మీద జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తీసిన ‘ఆన్సెల్మ్’ గురించి రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. 2023లో కాన్స్ చిత్రోత్సవంలో చూపించినప్పటి నుంచి ఆ డాక్యుమెంటరీ మీద విమర్శకులు ముఖ్యంగా రెండు మాటలు అంటున్నారు. త్రీడీ వల్ల ఆ బొమ్మలు ఎంత పెద్దవో, ఎంత మందంగా ఉంటాయో కళ్ళకు కట్టిందని మెచ్చుకున్నారు. దర్శకుడు మరీ భక్తిగా తీశాడని, గట్టి ప్రశ్న ఒక్కటీ అడగలేదని తప్పుపట్టారు. నీ వ్యాసంలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. అవి పోగా నువ్వు స్వయంగా చూసిందేమిటో నాకు దొరకలేదు. నా బాధంతా అదే.

భక్తి ఉందనడం తప్పు కాదు, నాకూ చాలాచోట్ల అలాగే అనిపించింది. కానీ ఏ షాట్‌లో? పారిస్ దగ్గర క్రోయిసీలో గోడౌన్ అంత స్టూడియోలో కీఫర్ సైకిల్ మీద తిరుగుతుంటాడు, చుట్టూ మనిషిని మించిన కాన్వాసులు. అలాంటి ఒక్క షాట్ పట్టుకుని, కెమెరా ఆయన్ని ఎలా చూస్తోందో చెప్పు. అప్పుడు నీ మాట నమ్ముతాను.

గడ్డి కాల్చే సీనుని ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు. అక్కడ కాస్త ఆగు. కాన్వాసుకు అంటించిన ఎండుగడ్డికి కీఫర్ మంట పెడతాడు. పక్కనున్న సహాయకులు పైపుతో నీళ్ళు కొట్టి ఆర్పుతారు. పసుపుపచ్చటి గడ్డి నల్లబడి మసి అవుతుంది. ఇప్పుడు పాల్ సెలాన్‌ని గుర్తు తెచ్చుకో. నాజీల కాలంలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న యూదు కవి. ఆయన కవితలో జర్మన్ అమ్మాయి మార్గరెటెది బంగారు జుట్టు, యూదు అమ్మాయి షులమిత్‌ది బూడిద జుట్టు. 1981లో వేసిన ‘మార్గరెటె’లో కీఫర్ ఆ బంగారు జుట్టు కోసం నిజం గడ్డినే అంటించాడు. అంటే మంట అంటుకున్నప్పుడు ఒకరి జుట్టు మన కళ్ళ ముందే ఇంకొకరి జుట్టు అవుతోంది. సినిమా ఏమీ చెప్పలేదని రాసేముందు ఈ సీను మళ్ళీ చూడు. ఆ పైపు పట్టుకున్నవాళ్ళని కూడా చూడు. వాళ్ళ గురించి ఎవరూ పెద్దగా రాసినట్టు నాకు కనిపించలేదు.

నీ కోపం న్యాయమైన చోటు ఒకటుంది. 1969లో, 24 ఏళ్ళ వయసులో, కీఫర్ తన తండ్రి సైనిక దుస్తులు వేసుకుని యూరప్‌లో ఊరూరా నాజీ సెల్యూట్ చేస్తూ ఫోటోలు దిగాడు. 1975లో అవి పత్రికలో అచ్చయితే పెద్ద గొడవైంది. మరిచిపోయినట్టు నటిస్తున్న దేశానికి అద్దం పట్టానని ఆయన వాదన. ఆ గాయంతోనే ఆడుకుంటున్నాడని ఎదుటివాళ్ళ మాట. ఈ గొడవని సినిమా తొందరగా దాటేసిందని నా అభిప్రాయం. ఇక్కడ విమర్శకుల పక్షాన నిలబడు, మొహమాటపడకు.

ఇంకో సంగతి. కీఫర్, వెండర్స్ ఇద్దరూ 1945లోనే పుట్టారు, ఒకరు మార్చిలో, ఒకరు ఆగస్టులో. సినిమాలో యువ కీఫర్‌గా ఆయన కొడుకు డానియల్, చిన్నప్పటి కీఫర్‌గా వెండర్స్‌కి మనవడి వరసయ్యే అంటోన్ కనిపిస్తారు. ఒకరి బాల్యంలోకి ఇంకొకరి ఇంటి పిల్లాడు వచ్చాడు. నాకు అది భక్తి కంటే బంధుత్వంలా తోస్తుంది. సొంత మనిషిని నిలదీయడం కష్టం. నీకు వేరేలా తోస్తే వేరేలాగే రాయి.

వీలైతే సోఫీ ఫైన్స్ 2010లో కీఫర్ మీద తీసిన సినిమా కూడా చూడు. దక్షిణ ఫ్రాన్స్‌లోని బార్జాక్‌లో ఆయన తవ్వించిన సొరంగాల్లో కెమెరా మాటల్లేకుండా చాలాసేపు మెల్లగా నడుస్తుంది. అదే చోటును వెండర్స్ ఎలా చూపించాడో పక్కన పెట్టుకుంటే నీకే బోలెడు సంగతులు తడతాయి.

మొదటి రెండు పేరాలు కొట్టేసి, గడ్డి సీనుతో మొదలుపెట్టు. ఆదివారం లోపు పంపితే రాత్రికే చదువుతాను.

ఆశీస్సులతో,
అక్క