రూపాయి వడ్డీకి ట్రాలీ తీసుకోవచ్చా?

ప్రశ్న: జడ్చర్లలో నాలుగేళ్లుగా ఒకరి దగ్గర బైక్ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. వచ్చే నెల సొంత షెడ్ పెడుతున్నాను. అడ్వాన్స్ కట్టేశాను, అద్దె 2,500. చేతిలో 38,000 ఉన్నాయి. ఏడు అరల ట్రాలీ, 216 ముక్కల టూల్ సెట్ కలిపి 62,000కు ఇస్తామని ఒక షాపువాళ్లు అంటున్నారు. 20,000 ముందు కట్టి, మిగతా 42,000 రూపాయి వడ్డీకి 24 కిస్తీల్లో, నెలకు 2,170 చొప్పున కట్టాలి. తీసుకోవచ్చా? విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 ఇస్తారంటున్నారు, నాకు వస్తుందా? ఇంటికి కూడా ఒక చిన్న పెట్టె కావాలి.

జవాబు: తీసుకోవద్దు. ముందు వడ్డీ సంగతి చూద్దాం.

42,000కు నెలకు రూపాయి వడ్డీ అంటే 420. రెండేళ్లకు 10,080. ఆ మొత్తాన్ని అసలుకు కలిపి 24తో భాగిస్తే మీ 2,170 వచ్చింది. కిటుకు ఇక్కడే ఉంది. మీరు నెలనెలా 1,750 అసలు తీరుస్తూ వస్తారు, వడ్డీ మాత్రం చివరిదాకా 42,000 మీదే పడుతుంది. ఆఖరి నెలలో మీరు బాకీ ఉండేది 1,750, దాని మీద కట్టే వడ్డీ 420! తగ్గే బాకీ మీద లెక్క కడితే ఇది రూపాయి వడ్డీ కాదు, దాదాపు రూపాయి ఎనభై పైసలు. ఏడాదికి 21.5 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు అంటూ ఇంకేమైనా పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. బ్యాంకు అదే రూపాయి వడ్డీని, అంటే ఏడాదికి 12 శాతాన్ని, తగ్గే బాకీ మీద వేస్తే కిస్తీ 1,977, మొత్తం వడ్డీ 5,450 లోపే. ఎవరు అప్పిచ్చినా మొదట అడగాల్సింది ఒక్కటే: వడ్డీ మొదటి అసలు మీదా, మిగిలిన బాకీ మీదా?

ఇంకో లెక్క. ఒక సర్వీసుకు మీకు 250 కూలి మిగులుతుందనుకుంటే, నెలకు తొమ్మిది బళ్లు కేవలం కిస్తీ కోసమే చేయాలి. కొత్త షెడ్‌కు మొదటి మూడు నెలలు గిరాకీ అంతంతమాత్రం. పైగా 20,000 ముందే పోతే మీ దగ్గర మిగిలేది 18,000. అందులోనే ఆయిల్ డబ్బాలు, బ్రేక్ షూలు, ప్లగ్గులు, కేబుళ్లు, అద్దె, ఇంటి ఖర్చు అన్నీ సర్దుకోవాలి. షెడ్‌లో బ్రేక్ షూ లేకపోతే ట్రాలీ ఎంత మెరిసినా బండి పక్క షెడ్‌కు పోతుంది.

ఇక 216 ముక్కలు. ఇలాంటి సెట్లలో చాలా భాగం స్క్రూ డ్రైవర్ బిట్లే ఉంటాయి, అవి కూడా లెక్కలోకే వస్తాయి. బైక్ పనికి రోజూ చేతిలో ఉండేవి తక్కువే: 8, 10, 12, 14, 17, 19 సైజుల పానాలు, 8, 10, 12 టీ పానాలు, ప్లగ్ పానా, 4, 5, 6, 8 ఎలెన్ కీలు, సర్‌క్లిప్ ప్లయర్, ఇంపాక్ట్ డ్రైవర్, ఫీలర్ గేజ్, ఒక సాకెట్ సెట్. వీటిని విడివిడిగా, క్రోమ్ వెనేడియం ఉక్కువి, మంచి కంపెనీవి కొనండి. సాకెట్లు ఆరు పలకలవే తీసుకోండి. పన్నెండు పలకలవి బోల్టు మూలల్నే పట్టుకుంటాయి, తుప్పు పట్టిన బోల్టు మీద జోరు చేస్తే మూలలు గుండ్రమైపోతాయి. ఇంజిన్‌లో మ్యాగ్నెట్‌ను ఊడదీసే పుల్లర్ మర బండి కంపెనీని బట్టి మారుతుంది. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే రెండు కంపెనీల బళ్లకే ముందు కొనండి.

బోల్టును ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ సంగతి గట్టిగా చెప్పాలి. సెట్లలో ఇచ్చేది చాలాసార్లు 40 నుంచి 200 న్యూటన్ మీటర్లది, కారు చక్రాలకు పనికొస్తుంది. బైక్ ఇంజిన్ కవర్ బోల్టులకు కావలసింది 10 చుట్టుపక్కల. 5 నుంచి 25 దాకా చూపే చిన్నది విడిగా కొనుక్కోండి. అల్యూమినియం హెడ్‌లో ఒక్క మర పోతే రెండు మూడు రోజుల కూలి దానికే పోతుంది.

పెట్టె విషయానికొస్తే, పక్కలకు విచ్చుకునే ఐదు ట్రేల ఇనుప పెట్టె మీకు చాలు. రేకు 20 గేజ్‌ది అడగండి. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన, 22 కన్నా 20 మందం. షాపులోనే తెరిచి, పై ట్రేలను చేత్తో కిందికి అదమండి. రివెట్ల దగ్గర ఊగితే వదిలేయండి, పానాల బరువు పడ్డాక మొదట తెగేవి అవే. తాళం కొండీ ఉండాలి. రేకుల షెడ్‌కు దొంగల భయం కూడా ఉంది. రాత్రికి పెట్టె బండి మీద ఇంటికొస్తుంది, ట్రాలీ రాదు. కంకర నేల మీద దాని చక్రాలు తిరగవు కూడా.

మీ 38,000 ఇలా పంచుకోండి: పనిముట్లకు 15,000, పెట్టెకు 3,000, స్పేర్ సామానుకు 8,000. మిగతా 12,000 ముట్టుకోవద్దు, నాలుగు నెలల అద్దె, కరెంటు బిల్లు దాంట్లోంచే. ఒక రోజు బస్సెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి రెండు మూడు షాపుల్లో రేటు అడిగితే బస్సు చార్జీ దండగ కాదు. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి.

విశ్వకర్మ మీకు రాదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో 18 వృత్తులున్నాయి: వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, దర్జీ వంటివి. బైక్ మెకానిక్ లేడు. కమ్మరి అని రాయించుకో, నేను చూసుకుంటానని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి, దరఖాస్తును మూడు దశల్లో తనిఖీ చేస్తారు.

మీకు సరిపోయేది ముద్ర శిశు రుణం: 50,000 దాకా, తాకట్టు లేకుండా. ఇది సబ్సిడీ కాదు, అప్పే. ఇప్పుడే తీసుకోవద్దు. ఈరోజే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) చేయించుకోండి, దానికి ప్రభుత్వ ఫీజు లేదు. షెడ్ డబ్బులన్నీ ఫోన్‌లో ఒకే ఖాతాకు రానివ్వండి. ఆరు నెలల స్టేట్‌మెంట్, షాపు కొటేషన్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. అప్పుడు కొనాల్సింది కూడా ట్రాలీ కాదు, బండి ఎలక్ట్రానిక్ లోపాలు చదివే స్కానర్. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బళ్లలో ఫ్యూయల్ ఇంజెక్షనే ఎక్కువ. స్కానర్ లేకుంటే ఆ పని మీ చేతికి రాదు.

ఇంటికి వేరే సెట్ వద్దు. ఒక ప్లయర్, రెండు స్క్రూ డ్రైవర్లు, టెస్టర్, సుత్తి, కొలత టేపు, సర్దుకునే పానా ఒకటి. ఇవి పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి చాలు. షెడ్ పానాలు ఇంటికి, ఇంటివి షెడ్‌కు తిరగనివ్వకండి. ఎక్కువగా పోయేది 10 నంబరు పానానే.