నా రాత ఇంతేనా మేడమ్?

మాది వరంగల్ దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. టెన్త్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. చదువు ఆగడం, పదిహేడో ఏట పెళ్లి కావడం నా రాత అనుకుని సరిపెట్టుకున్నాను. మా ఆయన ఆటో నడుపుతారు. మంచి మనిషే గానీ అప్పులున్నాయి. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పదహారేళ్ల మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. కట్నం వద్దన్నారని దానికి సంబంధం ఖాయం చేయబోతున్నారు. నేను వద్దంటే మా అత్తమ్మ ‘దానికి రాసిపెట్టి ఉంటే నువ్వు ఆపుతవా’ అంటుంది. నాకు ఇప్పటికీ చదువుకోవాలని ఉంది. టెన్త్ మెమో పుట్టింట్లో ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. మన బతుకు మన చేతుల్లో ఉంటుందా?

అమ్మా, మీ చదువు ఆగింది ఎవరో మాన్పించడం వల్ల. మీ పెళ్లి జరిగింది పెద్దలు కూర్చుని ముహూర్తం పెట్టడం వల్ల. వాళ్ల ఇబ్బందులు వాళ్లకు ఉండి ఉంటాయి, నేను తప్పుపట్టడం లేదు. కానీ దాన్ని రాత అనేస్తే ‘ఎందుకిలా చేశారు’ అని అడగడానికి ఎదురుగా ఎవరూ మిగలరు. అన్నీ మన చేతుల్లోనే ఉంటాయని నేను చెప్పను. ఎవరింట్లో పుడతామో, ఎప్పుడు జబ్బు పడతామో మన చేతుల్లో లేదు. మీ అమ్మాయి పెళ్లి అలాంటిది కాదు. దాన్ని నిర్ణయించేది మీ ఇంట్లోని నలుగురు. ఆ నలుగురిలో మీరూ ఒకరు.

ముందు ఆ పని చూద్దాం. అమ్మాయికి 18 నిండకుండా పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. జరిపించిన వాళ్లకు రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే మాట కేసుతో మొదలుపెట్టకండి, మీ ఆయన బిగుసుకుపోతారు. ఆయనను కుంగదీస్తున్నది అప్పు. కాబట్టి అప్పు గురించే మాట్లాడండి. 18 నిండని అమ్మాయికి కల్యాణలక్ష్మి పథకం కింద ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే 1,00,116 రూపాయలు రావని చెప్పండి. (ఆ సొమ్ము కోసం పెళ్లి చేయమని కాదు నా ఉద్దేశం, లెక్క తెలిసిన మనిషికి లెక్కలోనే చెప్పాలని.) అన్నం ముందు కూర్చున్నప్పుడు వద్దు, అత్తమ్మ ఎదుట అసలే వద్దు. ఆయన మాట వినే అక్కో మేనమామో ఉంటే ముందు వాళ్లతో మాట్లాడి మీ వైపు తెచ్చుకోండి. అమ్మాయిని కూడా అడగండి. ఆ పిల్ల ఏమనుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఇవేవీ పనిచేయక ముహూర్తం దాకా వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అది పరువు తీయడం కాదు, బిడ్డను కాపాడుకోవడం.

ఇక మీ చదువు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకు వద్దని తప్పుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ఆ తర్వాతే కూర్చుని, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా రాశారు. లా చదివి, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. అందరూ అంత చేయాలని కాదు. ఆమెను తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మరొకటి. తాను చదువుతూనే, మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్లను పోగేసి అదే పరీక్షకు చదివించారు. ఆంధ్ర మహిళా సభ అలా మొదలైంది. మీ ఇంట్లో కూడా ఇద్దరు చదువుకోవాల్సిన వాళ్లున్నారు.

తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్‌కు టెన్త్ పాసైతే చాలు, పై వయసు అడ్డు కాదు. సబ్జెక్టులన్నీ ఒకేసారి గట్టెక్కనక్కర్లేదు, విడివిడిగా రాసుకోవచ్చు. తర్వాత డిగ్రీకి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982లో మన దగ్గరే పెట్టారు. పెళ్లిళ్ల సీజన్‌లో కుట్టుపని ఎక్కువ ఉంటుంది, అప్పుడు పుస్తకం ముట్టలేకపోతే బాధపడకండి. ఫీజు మీ జాకెట్ల డబ్బులోంచే కట్టండి, అది మీ చేతి సంపాదన.

ఈ ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకుని పుట్టింటికి వెళ్లి, ఆ మెమో తెచ్చుకోండి.