గేమ్ వీడియోకి పాట క్లెయిమ్ వస్తే యూట్యూబ్ ఛానెల్ పోతుందా?
కావలి తమ్ముడొకడు ఇదే టెన్షన్‌తో అడిగాడు. పోదు. క్లెయిమ్ అంటే ‘ఈ పాట మాది’ అని హక్కుదారులు చెప్పడం; స్ట్రైక్ అంటే వాళ్ల కాపీరైట్ ఫిర్యాదుతో వీడియో తీసేసినప్పుడు పడే హెచ్చరిక. రెండూ వేరు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితేనే ఛానెల్‌కి ముప్పు.

యూట్యూబ్ 2007లో తెచ్చిన కంటెంట్ ఐడీ, వీడియోలోని శబ్దాన్ని హక్కుదారులిచ్చిన పాటలతో పోల్చి పట్టేస్తుంది. గేమ్ డబ్బిచ్చి కొన్నా, అందులో కారు రేడియోలో మోగే పాట మీదైపోదు. చాలాసార్లు ప్రకటనల డబ్బు వాళ్లకి పోతుంది. ఒక్కోసారి వీడియోనే ఆపేస్తారు. ‘పది సెకన్లే కదా’ అన్న వాదన టీ అంగడిలో నెగ్గుతుందేమో గానీ ఇక్కడ కాదు.

యూట్యూబ్ స్టూడియోలో (మీ వీడియోలను చూసుకునే పేజీలో) ఆ పాటను మ్యూట్ చేయండి, క్లెయిమ్ తొలగుతుంది. అనుమతి నిజంగా ఉంటేనే డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పన్న అభ్యంతరం) వేయండి; జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజులుంటాయి. ఈసారి రికార్డింగ్‌కి ముందే గేమ్ సెట్టింగ్స్‌లో మ్యూజిక్ ఆపేయండి, తుపాకీ చప్పుళ్లు ఎలాగూ వినిపిస్తాయి.