నరసాపురం నుంచి ఎదురుగా కనిపించే సఖినేటిపల్లికి బస్సు ఎందుకు చుట్టూ తిరిగి వెళ్లాలి?

ఆ రెండు ఊళ్ల మధ్య వశిష్ఠ గోదావరి మీద వంతెన లేదు, అందుకే. రేవులో నిలబడితే అవతలి గట్టున కొబ్బరిచెట్లు కనిపిస్తాయి, కానీ బస్సుకు దారి ఎగువన చించినాడ వంతెనే. ఉదాహరణకు, నరసాపురం నుంచి అంతర్వేదికి బస్సులోనే వెళ్లాలంటే పాలకొల్లు, చించినాడ, దిండి మీదుగా తిరిగి సఖినేటిపల్లి చేరి, అక్కణ్ణుంచి అంతర్వేది వెళ్లాలి. తొందరున్నవాళ్లు రేవులో పంటు (మనుషుల్ని, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కేస్తారు, అదే నయం.

టికెట్ డబ్బుల కోసమే చుట్టూ తిప్పుతారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పంటు మీద బైకులు, కార్లు దాటుతున్నాయి కదా, బస్సుకేం అనీ అడుగుతారు. పంటు నడక ఏటి ఆటుపోట్లను బట్టి ఉంటుంది, వరదొస్తే ఆపేస్తారు. దాన్ని నమ్ముకుని రోజూ బస్సు టైమింగ్ పెట్టలేరు.