సగం మెచ్చుకోళ్లు, సగం తిట్లు: ముందు టైం చూడండి

అన్నా, మిర్యాలగూడలో మీ మెస్‌కు ఒకరు ఐదు స్టార్లు, ఇంకొకరు ఒక్క స్టార్ ఇస్తున్నారు, వంటమనిషిని మార్చాలా అని అడిగారు. మార్చకండి. మీ మెస్‌కు వచ్చిన రివ్యూలే మళ్లీ చదవండి. నాటుకోడి కూర బాగుందన్నోళ్లంతా ఒంటిగంట లోపు తిన్నోళ్లు. రొట్టె చెక్కలెక్క ఉందన్నోళ్లు మూడింటికి వచ్చినోళ్లు. రైసు మిల్లుల కాడి డ్రైవర్లు తినేది అప్పుడే కదా.

జొన్నరొట్టె చల్లారితే గట్టిపడుతుంది. ముందే కాల్చి డబ్బాలో దొంతి పెడితే అడుగువి చెమటపట్టి సాగుతాయి, పైవి విరుగుతాయి. ఆర్డర్ వచ్చాకే పెనం మీదెయ్యండి, ఐదు నిమిషాలు ఆగమంటే ఎవ్వరూ ఏమనుకోరు. కూర, బగారన్నం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలన్నది ఫుడ్ సేఫ్టీ లెక్క కూడా. వేడినీళ్ల ట్రేలో పెట్టండి. మాటిమాటికి పొయ్యెక్కిస్తే ముక్క చిదికిపోతుంది.

ఇక సర్వీసు. నీళ్లు, వడ్డన, బిల్లు అన్నీ ఒక్క పిలగాడే చూస్తే వాడు విసుక్కోడా మరి? బిల్లు మీరే కౌంటర్ కాడ తీసుకోండి.

బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపారని ఒకాయన రాసిండు, చూశారా? అది ఈరోజే తీసెయ్యండి. అడగకుండా అది వేయొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. ఎవరన్నా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొడితే మీకే తలనొప్పి.